మార్క్‌డౌన్ నుంచి చేసిన పేజీల రూపు: దిద్దినదంత మల్ల మల్ల పోతున్నది

మోటబాయి_బిడ్డ
మా నాయిన ముప్పై ఏండ్ల సంది నోటుబుక్కులల్ల రాసిపెట్టుకున్న ఎవుసం మాటలు నేను రెండేండ్ల నుంచి టైపు చేస్తున్న. మాది దేవరకొండ దిక్కు. మోట, బొక్కెన, తొండం, గిరక, మోకు, గొర్రు, జడ్డిగం, దంతె, ఇట్ల పనికో ఫైలు చొప్పున అన్నీ మార్క్‌డౌన్‌ల (హెడ్డింగు, లిస్టు లాంటివాటికి చిన్న గుర్తులు పెట్టి రాసే ఉత్త టెక్స్టు) పెట్టిన. 140 ఫైళ్లు అయినయి. పాన్‌డాక్ అనే కన్వర్టరుతోని హెచ్‌టీఎంఎల్, అంటె బ్రౌజర్ల తెరుచుకునే పేజీలు, చేసిన.

పేజీ వచ్చింది గని చూడబుద్ధి కాలే. యాడనో దొరికిన ఇంగ్లీషు డిజైను తెచ్చి అతికిస్తె ఇంకా ఆగమైంది. వరుస మీద వరుస ఎక్కింది. హెడ్డింగుల ‘లక్ష్మి’ అని ఉంటె ఆ కింది వత్తు పోయి కింది వరుస గుడి మీద కూసున్నది. ఫోన్ల చూస్తె టేబుల్ సగం తెర బయట ఉన్నది. ఒక నెల కూసొని ఒక్కొక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరిచి సైజులు, రంగులు చేత్తోని దిద్దిన. 60 ఫైళ్లు అయినంక నాయిన ఒక తప్పు చూపిండు, మోకు అర్థం సగమే ఉన్నదని. మార్క్‌డౌన్‌ల సరిచేసి అన్నిటికీ ఒక్కపాలి మల్ల కన్వర్ట్ కొట్టిన. 60 ఫైళ్ల కష్టం ఒక్క నిమిషంల పోయింది. ఏడుపొక్కటే తక్కువ.

మీరంత ఎట్ల చేస్తున్నరు? మాట మారిస్తె రూపు పోవద్దు, రూపు మారిస్తె మాట చెడొద్దు. గంతే నాకు కావాల్సింది.

పాలమూరు_పోరడు
అక్కా, ఆ హెచ్‌టీఎంఎల్ ఫైళ్లను ఇగ చేత్తోని ముట్టకు. అవి ఇస్తరాకుల లెక్క, ప్రతిసారి కొత్తయి వేసుకుంటం. నీ సొత్తు రెండే: మార్క్‌డౌన్ ఫైళ్లు, రంగు, సైజు, ఎడం చెప్పే ఒక సీఎస్‌ఎస్ ఫైలు. మాటలన్నీ మొదటి దాంట్ల, రూపమంత రెండో దాంట్ల. 140 పేజీలు ఆ ఒక్క సీఎస్‌ఎస్ వైపే చూడాలె.

ఏం కమాండు కొడుతున్నవో చెప్పు జర.

మోటబాయి_బిడ్డ
పాన్‌డాక్, ఫైలు పేరు, మైనస్ ఓ, వచ్చే ఫైలు పేరు. ఇంకేం లేదు తమ్మీ.

పాలమూరు_పోరడు
గదే సంగతి. అట్ల కొడితే పాన్‌డాక్ నీకు పేజీ ఇయ్యదు, పేజీల ఒక ముక్క ఇస్తది. తల ఉండదు, మొండెమే. సీఎస్‌ఎస్ లింకు పెట్టేది ఆ తలలనే కద. ‘స్టాండలోన్’ అనే ఆప్షన్ పెట్టు, పొట్టిగా మైనస్ ఎస్. దాని పక్కన ‘సీఎస్‌ఎస్’ ఆప్షన్ పెట్టి నీ ఫైలు పేరు ఇయ్యి. అప్పుడు హెడ్, టైటిల్, అక్షరాల ఎన్‌కోడింగ్ సూచన అన్నీ అదే రాస్తది.

ఇంకో మాట. పాన్‌డాక్ 2.11 నుంచి స్టాండలోన్ పేజీకి తన సొంత రూపు కొంత కలుపుతది, బాడీ వెడల్పు 36 ఈఎం (ఒక ఈఎం అంటె అక్షరం సైజంత) అట్లాంటివి. నువ్వు నీ సీఎస్‌ఎస్ ఇయ్యంగనే దాంట్ల చాలావరకు తీసేస్తది. అందుకే కొత్త సీఎస్‌ఎస్ పెట్టినంక పేజీ ఒక్కసారిగా తెర ఈ మూల నుంచి ఆ మూల దాకా పరుచుకుంటది. బుగులు పడకు, వెడల్పు నువ్వు చెప్పాలె అప్పుడు.

కొత్తోడు_కోదాడ
నాకు తెలుగు మొత్తం పైన గీత పెట్టిన ఇంగ్లీషు ‘ఎ’లు (à), డిగ్రీ గుర్తులు, ప్లస్ మైనస్ గుర్తుల లెక్క వస్తున్నది. ఇది గూడ అదేనా?

పాలమూరు_పోరడు
అదే తమ్మీ. యూటీఎఫ్-8ల, అంటె అక్షరాలను కంప్యూటర్ల దాచే పద్ధతిల, ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. తలలేని పేజీల ఎన్‌కోడింగ్ ఏందో రాసి ఉండదు, బ్రౌజర్ తప్పు ఊహ చేసి ఆ మూడింటిని మూడు వేరే వేరే అక్షరాలుగా చదువుతది. మన అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒక్కటే, అందుకే అదే ‘ఎ’ మల్ల మల్ల కనపడుతది. మైనస్ ఎస్ పెట్టు, పోతది.

గడియారం_సెంటర్_డీటీపీ
ఇంత తిప్పలెందుకమ్మా. పేజ్‌మేకర్‌ల పెట్టి పీడీఎఫ్ చేస్తె యాడ చూసినా ఒక్కతీర్గ ఉంటది. నేను నల్లగొండల 22 ఏండ్ల సంది అదే చేస్తున్న. వత్తు ఎక్కుడు, దిగుడు ఉండదు.

మోటబాయి_బిడ్డ
కాకా, నాయిన ఫోన్లనే చదువుతడు. పీడీఎఫ్‌ను రెండు వేళ్లతోని పెద్దగ చేసి, వరుస వరుసకు పక్కకు జరుపుకుంట చదవాలె. రెండు పేజీలు కాంగనే పక్కకు పెట్టిండు.

మూసీ_ఒడ్డు
పాత ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌ల ఇంకో బాధ కూడా ఉన్నది. అందులో ‘జడ్డిగం’ అని వెతికితే దొరకదు. కంటికి తెలుగు, లోపల ఏవో ఇంగ్లీషు గుర్తులు. మాటల పట్టిక చేసేటోళ్లకు వెతుకుడే పానం కద.

గడియారం_సెంటర్_డీటీపీ
ఆ మాట నిజమే, ఒప్పుకుంట. అయితే ఒకటి ఇనుర్రి. మేము తెలుగు 14 పాయింటు పెడితే లీడింగ్ (వరుసకు వరుసకు నడుమ దూరం) 20కి తక్కువ ఎప్పుడూ పెట్టం. ఇంగ్లీషోళ్లకు 17 పెట్టినా చాలు. మన అక్షరం మూడంతస్తుల ఇల్లు. మీద గుడి, నడుమ అక్షరం, కింద వత్తు, కొన్నిట్ల వత్తు కింద ఇంకో వత్తు. మీ వెబ్బుల ఆ లీడింగ్ ఏడ పెడతరో అది చూసుకో బిడ్డా, సగం రోగం అక్కడనే ఉంటది.

గద్వాల_అంచు
కాక చెప్పిందే అసలు మాట. సీఎస్‌ఎస్‌ల దానిపేరు లైన్-హైట్. మోటబాయి అక్క తెచ్చుకున్న ఇంగ్లీషు డిజైన్ల హెడ్డింగులకు 1.1 లేదా 1.2 ఉంటది, వాళ్ల అక్షరాలకు అది అందం. మనకు అదే గొంతు పిసుకుడు. నేను పేరాలకు 1.8, హెడ్డింగులకు 1.5 పెడుత. అంకె పక్కన పీఎక్స్ (పిక్సెల్) అని రాయకుండ్రి, ఉత్త అంకె పెడితేనే అక్షరం పెద్దగైనప్పుడు వరుస ఎడం గూడ దాంతోపాటు పెరుగుతది.

ఇంకా ఆ డిజైన్ల నుంచి తీసెయ్యాల్సినవి చాన ఉన్నయి. నేను మూడేండ్లు తెలుగు పేజీలు కట్టి నేర్చుకున్నవి:

ఇటాలిక్. తెలుగుకు ఇటాలిక్ లేదు. మార్క్‌డౌన్‌ల అటొక చుక్కగుర్తు (*), ఇటొకటి పెట్టి నడుమ రాసిన మాట ‘ఈఎం’ ట్యాగు అయితది, బ్రౌజర్ దాన్ని పక్కకు వంచుతది. గాలికి ఒరిగిన జొన్నచేను లెక్క ఉంటది ఆ వరుస. ఈఎంకు ఫాంట్-స్టైల్ నార్మల్ పెట్టి, రంగు మార్చుర్రి లేదా కొంచెం లావు చెయ్యుర్రి. మాటను ఒత్తి చెప్పుడు మనకు కూడ కావాలె, వంచుడే వద్దు.

లెటర్-స్పేసింగ్. హెడ్డింగులల్ల అక్షరాల నడుమ ఎడం పెట్టుడు ఇంగ్లీషు క్యాపిటల్స్‌కు నప్పుతది. తెలుగుల మాట ఊడిపోయి అక్షరాలు అక్షరాలుగా కనపడుతది. సున్నా పెట్టుర్రి.

అండర్‌లైన్. లింకు కింద గీత వత్తును కోసుకుంట పోతది, లేకపోతె వత్తు వచ్చిన కాడల్ల తెగి చుక్కలు చుక్కలయితది. టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్ 0.3 ఈఎం పెడితే గీత కిందికి దిగుతది.

జస్టిఫై. రెండు దిక్కుల అంచులు సమానం చేసుడు ఫోన్ల మనకు కుదరదు. మన మాటలు పొడుగు. ‘పోయాల్సివచ్చినప్పుడల్లా’ అనే మాట ఒక్కటే సగం వరుస తింటది, మిగిలిన రెండు మాటల నడుమ బర్లు పోయేంత సందు పడుతది. ఎడమకే ఉంచుర్రి.

మోటబాయి_బిడ్డ
నాకు ఈ నాలుగూ ఉన్నయి! నాలుగూ!

కొత్తోడు_కోదాడ
మొదటి అక్షరం పెద్దగ పెట్టుడు ఎట్ల? పత్రికలల్ల ఉంటది కద. నేను సీఎస్‌ఎస్‌ల ఫస్ట్-లెటర్ పెట్టిన, ‘శ్రీ’ని రెండు ముక్కలు చేసింది.

గద్వాల_అంచు
‘శ్’ ఒక్కటే పెద్దగై ‘రీ’ చిన్నగ మిగిలిందా? అది యూనికోడ్ లెక్కల ఉన్న చిక్కు. అక్షరాన్ని యాడ తెంచాలె అనే రూలు ప్రకారం చాన ఏండ్లు ‘శ్’ ఒకటి, ‘రీ’ ఒకటి అని లెక్క. 2023ల వచ్చిన యూనికోడ్ 15.1ల ఈ రూలు మార్చి తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగా చూడమన్నరు. అన్ని ఫోన్లల్ల ఆ మార్పు ఉంటదని నమ్మొద్దు. కావాలంటె ఆ అక్షరం చుట్టు స్పాన్ (వరుసల ఒక ముక్కను వేరు చేసే ట్యాగు) పెట్టుకో. పాన్‌డాక్‌ల అయితే చతురస్ర బ్రాకెట్ల అక్షరం పెట్టి, పక్కన పూల బ్రాకెట్ల చుక్క పెట్టి క్లాస్ పేరు (రూపు ఇయ్యనీకి మనం పెట్టుకునే గుర్తు) రాస్తె స్పాన్ అయితది. అప్పుడు ఎంతవరకు పెద్దగ చెయ్యాల్నో నువ్వే చెప్పినట్టు.

మూసీ_ఒడ్డు
2018 ఫిబ్రవరిల ‘జ్ఞా’ అనే మన అక్షరం వస్తె ఐఫోన్ల ఆప్‌లు కూలిపోయినయి, యాదుందా? ఐఓఎస్ 11.2.6ల సరిచేసిండ్రు. జ, పొల్లు, ఞ, అక్షరాలను కలవనియ్యని, కంటికి కనపడని నాన్-జాయినర్ గుర్తు, దీర్ఘం, ఈ వరుసల వస్తె ఫోను తట్టుకోలేదు. మన అక్షరం ఎంత బరువైందో అప్పుడు లోకానికి తెలిసింది.

పాలమూరు_పోరడు
ఆ నాన్-జాయినర్ సంగతి మోటబాయి అక్కకు గూడ పనికొస్తది. ‘బజార్‌లో’ అని పొల్లు విడిగా కనపడాలంటె నడుమ అది పడుతది. అది లేకపోతె ‘బజార్లో’ అని కలుస్తది. కంటికి కనపడదు గని వెతికేటప్పుడు రెండూ వేరు వేరు మాటలు. 140 ఫైళ్లల్ల ఒక్క తీరు టైపు చేసినవో లేదో ఒకపాలి చూసుకో అక్కా.

ఇంటర్_ఫిజిక్స్
నేను వనపర్తిలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం నోట్సు ఇదే పద్ధతిలో ఇస్తున్నాను. సూత్రాలున్న వాళ్లకు ఒక మాట: పాన్‌డాక్‌లో ‘మ్యాథ్‌జాక్స్’ ఆప్షన్ పెట్టండి, సూత్రాలు చక్కగా వస్తాయి. లైన్-హైట్ 1.8 పెట్టాక నా పేరాల్లోని భిన్నాలు కూడా ఊపిరి పీల్చుకున్నాయి. ఇంతకుముందు పై వరుసకు తగిలేవి.

మూసీ_ఒడ్డు
ఒక్క విషయంల మాత్రం పాలమూరు తమ్మునితోని నేను కలవ. అన్నీ సీఎస్‌ఎస్‌లనే పెట్టాలె అనేది మరీ మడి కట్టుకున్నట్టు. ఒక్క పేజీల ఒక్క పెట్టెకు పసుపు రంగు కావాలంటె నేను మార్క్‌డౌన్ నడుమనే హెచ్‌టీఎంఎల్ ట్యాగు రాసి, దాంట్లనే స్టైల్ పెడుత. పాన్‌డాక్ ఒప్పుకుంటది. పని అయిపోతది.

పాలమూరు_పోరడు
ఒక్క పెట్టె అయితే అయిపోతది అన్నా. అక్కకు 140 ఫైళ్లు. ‘సామెత’ అని పెట్టెలు ఫైలుకు మూడు ఉన్నా 420. రేపు పసుపు బాగలేదు, పచ్చ కావాలె అంటె 420 కాడ దిద్దుతవా? మూడు కోలన్లు పెట్టి పూల బ్రాకెట్ల ‘సామెత’ అని క్లాస్ ఇచ్చి, కింద మల్ల మూడు కోలన్లతోని మూస్తె డివ్, అంటె పేజీల ఒక పెట్టె, అయితది. రంగు సంగతి సీఎస్‌ఎస్ చూసుకుంటది. ఫైలుల రాయాల్సింది ‘ఇది సామెత’ అని. ‘ఇది పసుపు’ అని గాదు.

మూసీ_ఒడ్డు
ఆ మూడు కోలన్లు పాన్‌డాక్ సొంతం. రేపు వేరే కన్వర్టరుకు పోతె ఆ కోలన్లు కోలన్లుగనే పేజీల కనపడుతయి. నేను పోయిన ఏడు వేరే పనిముట్టుకు మారినప్పుడు 30 ఫైళ్లల్ల ఏరి తీసుకున్న. హెచ్‌టీఎంఎల్ ట్యాగు అయితే చాన కన్వర్టర్లల్ల నడుస్తది. 2004ల జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ మొదలుపెట్టినప్పటి సంది లోపల హెచ్‌టీఎంఎల్ రాసుకోనిచ్చిండు.

పాలమూరు_పోరడు
అది నిజమే. అట్లయితే నడిమిట్ల కలుద్దాం: డివ్ ట్యాగు హెచ్‌టీఎంఎల్‌లనే రాయి, క్లాస్ పేరు ఒక్కటే పెట్టు, స్టైల్ మాత్రం దాంట్ల పెట్టకు. కోలన్లు వద్దు, రంగూ వద్దు.

మూసీ_ఒడ్డు
దానికి ఒప్పుకుంట.

మోటబాయి_బిడ్డ
మైనస్ ఎస్, సీఎస్‌ఎస్ రెండూ పెట్టిన. పై ఫోల్డర్ల ఉన్న పేజీలు మంచిగున్నయి. ‘దుక్కి’, ‘మోట’ అని లోపలి ఫోల్డర్లల్ల ఉన్నవాటికి ఏ రూపూ లేదు, ఉత్త తెల్లకాయితం. ఇంకోటి, ప్రతి పేజీ మీద పేరు రెండుసార్లు వస్తున్నది. టైటిల్ లేదని ఒకటే వార్నింగు ఇస్తుంటె టైటిల్ పెట్టిన, అప్పటి నుంచి ఇట్ల.

పాలమూరు_పోరడు
రెండూ చిన్నయే. సీఎస్‌ఎస్ దారి నువ్వు కమాండు కొట్టే కాడి నుంచి గాదు, తయారైన హెచ్‌టీఎంఎల్ పేజీ ఉన్న కాడి నుంచి లెక్క. లోపలి ఫోల్డరుకు రెండు చుక్కలు, ఒక గీత (../) పెట్టి పైకి ఎక్కించు. లేకపోతె సైట్ మొదలు నుంచి పూర్తి దారి ఇయ్యి.

పేరు రెండుసార్లు ఎందుకంటె, టైటిల్ ఇస్తె పాన్‌డాక్ పేజీ మీద ఒక పెద్ద హెడ్డింగు వేస్తది, నీ ఫైలుల ఎట్లాగూ ఒక పౌండు గుర్తు (#)తోని హెడ్డింగు ఉండె. టైటిల్ బదులు ‘పేజ్‌టైటిల్’ ఇయ్యి. అది బ్రౌజర్ ట్యాబ్ మీదనే ఉంటది, పేజీల దిగదు.

లాంగ్ గూడ పెట్టు అదే చేత్తోని. తెలుగుకు కోడు ‘టీఈ’. అది ఇయ్యకపోతె భాష కాడ ఖాళీ పెడుతది పాన్‌డాక్. కండ్లు కనపడనోళ్లకు పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ కోడు చూసే గొంతు ఎంచుకుంటది.

ఈ ఆప్షన్లన్నీ ప్రతిసారి టైపు చెయ్యకు. ఒక డిఫాల్ట్స్ ఫైలు రాసి పెట్టుకో, మైనస్ డీ పెట్టి దాని పేరు ఇస్తె చాలు.

గద్వాల_అంచు
ఫాంట్ల మాట ఎవ్వరూ ఎత్తలేదు. అక్క పేజీకి నేనైతే ఇట్ల పెడుత.

పేరాలకు నోటో సాన్స్ తెలుగు, లేదా కొంచెం పుస్తకం తీరు కావాలంటె నోటో సెరిఫ్ తెలుగు. ఈ రెండిట్ల సన్నం నుంచి లావు దాకా బరువులు ఉన్నయి. మండలి గూడ నాకు ఇష్టం, చదవడానికి హాయి. కాకపోతె ఒకటే బరువు. బోల్డ్ అడిగితె బ్రౌజర్ తనంత తనే మసి పూసినట్టు లావు చేస్తది, అక్షరంల సందులు పూడుకపోతయి. ‘ఘ’కు, ‘ఝ’కు కడుపుల జాగ ఉండదు.

హెడ్డింగులకు సురవరం ఫాంట్ పెట్టుర్రి. మన పాలమూరు బిడ్డ, 1926ల గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరున్న ఫాంట్ అది. ఎవుసం మాటల పట్టికకు మీద ఆ పేరు అక్షరం ఉంటె నాకైతే కడుపు నిండుతది.

గడియారం_సెంటర్_డీటీపీ
హెడ్డింగుకే, పేరాకు వద్దు. అది పోస్టరు అక్షరం. పది వరుసలు చదివితె కండ్లు గుంజుతయి.

గద్వాల_అంచు
అవును కాకా, హెడ్డింగుకే అన్న.

ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కూడా తెలుగు ఫాంట్ల నుంచే వచ్చి కొన్నిసార్లు పీలగ ఉంటయి. సీఎస్‌ఎస్‌ల ఫాంట్‌ను తెచ్చుకునే ఫాంట్-ఫేస్ రాసేటప్పుడు యూనికోడ్-రేంజ్ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా అని ఇస్తె ఆ ఫాంట్ తెలుగుకే పనిచేస్తది, మిగిలినవి వేరే ఫాంట్ తీసుకుంటది. మూసీ అన్న చెప్పిన నాన్-జాయినర్ ఆ రేంజ్ బయట ఉన్నది, 200సీ. దాన్ని గూడ కలుపుర్రి, మర్వకుండ్రి.

నల్లమల_గాలి
అచ్చంపేట అవతల మా ఊర్ల సిగ్నల్ ఒక గీత ఉంటె ఆ రోజు పండుగ. నేను తెలుగు పేజీ తెరిస్తె ముందు తెల్లగ ఉంటది, ఫాంట్ దిగేదాక ఒక్క అక్షరం కనపడది. ఆ ఫాంట్ ఎవరి పేరు మీద ఉన్నా నాకేం లాభం? ఆండ్రాయిడ్ ఫోన్ల నోటో తెలుగు ముందే ఉంటది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఉన్నది, అంతకు ముందువాటిల గౌతమి ఉండె. ఆపిల్‌ల కోహినూర్ తెలుగు. ఈ పేర్లే వరుసగ రాసి వదిలెయ్యుర్రి. డేటా ఖర్చు సున్నా.

గద్వాల_అంచు
ఫాంట్-డిస్‌ప్లే స్వాప్ పెడితే ఆ తెల్లకాయితం బాధ ఉండదు. ముందు ఫోన్ల ఉన్న ఫాంట్‌తోని మాట కనపడుతది, మనది దిగినంక మారుతది.

నల్లమల_గాలి
మారినప్పుడు వరుసలు ఎగురుతయి. నేను చదివే కాడి నుంచి రెండు వేళ్లు కిందికి పోతది. అది అంతకన్నా చికాకు. ఒప్పుకోను.

గద్వాల_అంచు
హెడ్డింగుకు ఒక్కటి దింపి, పేరాలను ఫోన్ ఫాంట్‌కు వదిలితె? ఎగిరితె హెడ్డింగు ఒక్కటే ఎగురుతది. ఆ ఒక్క ఫాంట్‌ను గూడ వూఫ్2 (వెబ్బుకు కుదించిన ఫాంట్ ఫైలు) చేసి, తెలుగు కాని అక్షరాలు తీసేసి చిన్నగ చెయ్యొచ్చు. ఫాంట్‌టూల్స్ అనే పనిముట్లల్ల పైఎఫ్‌టీసబ్‌సెట్ అని ఉంటది. తెలుగు రేంజ్ చెప్తె వత్తులకు, గుణింతాలకు కావాల్సిన లోపలి ముక్కలు అదే ఏరుకుంటది.

నల్లమల_గాలి
హెడ్డింగు ఒక్కటైతే ఓర్చుకుంట. పేరా మాత్రం ముట్టొద్దు.

మోటబాయి_బిడ్డ
ఇప్పుడు మాటల పట్టిక సంగతి. నేను టేబుల్ గీసిన: ఎడమ దిక్కు మాట, కుడి దిక్కు అర్థం. ఫోన్ల అర్థం కాడ నాలుగు అక్షరాల వెడల్పే మిగులుతున్నది. వరుసకు ఒక మాట పడి పేజీ తాటిచెట్టంత పొడుగు అయితున్నది.

ఇంటర్_ఫిజిక్స్
మీకు కావలసింది టేబుల్ కాదమ్మా. పాన్‌డాక్‌లో డెఫినిషన్ లిస్ట్ ఉంది. ఒక వరుసలో మాట, కింది వరుసలో కోలన్ పెట్టి, ఎడమిచ్చి అర్థం. ఒకే మాటకు రెండర్థాలుంటే రెండు కోలన్లు రెండు వరుసల్లో. హెచ్‌టీఎంఎల్‌లో అది డీటీ, డీడీ అని వస్తుంది. ఫోనులో మాట పైన, అర్థం కింద. కంప్యూటరు తెర మీద మాత్రం గ్రిడ్ పెట్టి పక్కపక్కన చూపించవచ్చు. తెర వెడల్పు 700 పిక్సెళ్లు దాటితేనే గ్రిడ్ అని మీడియా క్వెరీ రాస్తే సరి. మార్క్‌డౌన్‌లో ఒక్క అక్షరం మారదు.

టేబుల్ తప్పనిసరి అయిన చోట, తిథులు, కార్తెలు, ఏ కార్తెలో ఏ పని అన్నవాటికి, టేబుల్‌కు డిస్‌ప్లే బ్లాక్, ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో పెట్టండి. పేజీ కదలదు, టేబుల్ ఒక్కటే పక్కకు జరుగుతుంది.

మోటబాయి_బిడ్డ
కార్తెల టేబుల్ నిజంగనే ఉన్నది సార్. మృగశిర నుంచి మొదలు.

కొత్తోడు_కోదాడ
నాట్ల పాటలు ఎట్ల పెట్టినవ్ అక్కా? నాకు పాట వరుసలన్నీ కలిసి ఒక పేరా అయితున్నయి.

మోటబాయి_బిడ్డ
నేను ప్రతి వరుస చివర రెండు ఖాళీలు కొట్టిన. కొన్ని కాడ మర్చిపోయిన, అక్కడ కలిసిపోయినయి. ఖాళీలు కంటికి కనపడవు కద, యాడ మర్చిపోయిన్నో దొరుకుతలేదు.

ఇంటర్_ఫిజిక్స్
వరుస మొదట నిలువు గీత, ఒక ఖాళీ పెట్టండి. లైన్ బ్లాక్ అంటారు. వరుసలు విరగవు, మొదట ఇచ్చిన ఎడం కూడా అలాగే ఉంటుంది. పల్లవి తర్వాత కోరస్ కొంచెం లోపలికి జరపాలంటే అది పనికొస్తుంది.

మూసీ_ఒడ్డు
అంకెల లిస్టుల మన అంకెలు కావాలంటె లిస్ట్-స్టైల్-టైప్ కాడ ‘తెలుగు’ అని ఇంగ్లీషుల రాయుర్రి. ౧, ౨, ౩ అని వస్తయి. ఫైలుల మామూలు 1, 2 రాసినా సరే. ఇది నాకు నిరుడు తెలిసింది, మా పిల్లలకు చూపిస్తె వాళ్లకు ఆ అంకెలే తెల్వవు. ఇప్పుడు నేర్చుకున్నరు.

పాలమూరు_పోరడు
లింకుల గురించి ఒకటి. ఫైలు పేరో, హెడ్డింగు ఐడీనో (ఆ హెడ్డింగు కాడికే లింకు ఇచ్చే పేరు) తెలుగుల ఉంటె పేజీ నడుస్తది, గని వాట్సాప్‌ల పంపంగ శాతం గుర్తులతోని చాంతాడు అయితది. ‘మోట’ అనే చిన్న మాటే చూడు: మ, ఓత్వం, ట, మూడు కోడ్లు, తొమ్మిది బైట్లు, లింకుల 27 అక్షరాలు. హెడ్డింగు చివర పూల బ్రాకెట్ల పౌండు గుర్తు పెట్టి ఇంగ్లీషు అక్షరాలల్ల ఐడీ ఇచ్చుకుంటె పొట్టిగ ఉంటది.

మోటబాయి_బిడ్డ
వాట్సాప్ అన్నవు కాబట్టి అడుగుతున్న. పేజీ ఫైలునే నాయినకు పంపితె రూపు లేకుండ తెరుచుకున్నది.

పాలమూరు_పోరడు
సీఎస్‌ఎస్ నీ కంప్యూటర్ల ఉండిపోయింది కద. పంపేటప్పుడు ‘ఎంబెడ్-రిసోర్సెస్’ ఆప్షన్, స్టాండలోన్ రెండూ పెట్టి కొట్టు. సీఎస్‌ఎస్, బొమ్మలు అన్నీ ఆ ఒక్క ఫైలులనే ఇమిడిపోతయి. 2.19కి ముందటి పాన్‌డాక్ అయితే దాని పేరు ‘సెల్ఫ్-కంటెయిన్డ్’. సైటుకు మాత్రం ఇట్ల చెయ్యకు, రూపు మార్చినప్పుడల్ల అన్నీ మల్ల కన్వర్ట్ చెయ్యాల్సి వస్తది.

మూసీ_ఒడ్డు
ముందు పేజీ, తర్వాతి పేజీ లింకులు కావాలంటె టెంప్లేట్ (అన్ని పేజీలకు ఒకటే అచ్చు) రాసుకో చెల్లె. మైనస్ పెద్ద డీ, హెచ్‌టీఎంఎల్ అని కొడితే పాన్‌డాక్ తన టెంప్లేట్ మొత్తం తెర మీద పోస్తది. దాన్ని ఫైలుల పెట్టుకొని దిద్దుకో.

పాలమూరు_పోరడు
మొత్తం టెంప్లేట్ తీసుకుంటె పాన్‌డాక్ కొత్త వర్షన్ వచ్చినప్పుడు పాతబడుతది, నాకు అట్లనే ఒకసారి విషయసూచిక మాయమైంది. మీద ఒక పట్టీ, కింద ఒక పట్టీ అంతే కావాలంటె ‘ఇంక్లూడ్-బిఫోర్-బాడీ’, ‘ఇంక్లూడ్-ఆఫ్టర్-బాడీ’ సరిపోతయి అక్కా.

గడియారం_సెంటర్_డీటీపీ
అచ్చు వేసుకోనీకి వస్తదా ఇది? మా ఊరి లైబ్రరీ గోడకు పెడితే పది మంది చదువుతరు.

గద్వాల_అంచు
వస్తది కాకా. మీడియా ప్రింట్ అని వేరే భాగం రాస్తం సీఎస్‌ఎస్‌ల. దాంట్ల లింకుల పట్టీలు దాచిపెట్టి, అక్షరం నలుపు చేసి, హెడ్డింగుకు బ్రేక్-ఆఫ్టర్ అవాయిడ్ పెడితే హెడ్డింగు ఒక కాయితం చివర, పేరా ఇంకో కాయితం మొదట పడవు. సైజు పాయింట్లల్ల ఇయ్యొచ్చు, మీరు చెప్పిన 14కు 20 అట్లనే. ఆ అంకెలు మీరే చూసి చెప్పుర్రి.

గడియారం_సెంటర్_డీటీపీ
గోడకు పెట్టేదైతే 18కి 27. నిలబడి చదువుతరు కద.

మోటబాయి_బిడ్డ
పది రోజులు అయింది. చెప్పినయన్నీ ఒక్కొక్కటి చేసిన. సీఎస్‌ఎస్ ఫైలు మొత్తం 74 వరుసలు, అంతే. టేబుళ్లు తీసి డెఫినిషన్ లిస్టులు చేసిన, దానికే ఎక్కువ రోజులు పట్టింది. పాటలకు నిలువు గీతలు పెట్టిన. హెడ్డింగుకు సురవరం, పేరాకు ఫోన్ల ఏముంటె అది. లైన్-హైట్ 1.8.

నిన్న పొద్దుగాల నాయిన చేను కాడ కూసొని చదివిండు. మోటబాయి పేజీ మొదటి నుంచి చివరి దాక వేలుతోని జరుపుకుంట పోయిండు, ఒక్కసారి గూడ పెద్దగ చెయ్యలే. ‘లక్ష్మి’ కాడ ఆగి వత్తు చూసుకున్న, కింది వరుసకు తాకలేదు. అయితే ఒకటి అన్నడు: ‘అర్థాలు ఇంట్ల కనపడ్డయి, ఎండల కనపడుతలేవు’ అని. అర్థాలకు లేత బూడిద రంగు పెట్టిన, అందంగ ఉంటదని.

గద్వాల_అంచు
బూడిద రంగు తెల్లకాయితం మీద ఎండల నిలవదు. అక్షరం రంగుకు, వెనుక రంగుకు తేడా కనీసం 4.5కు 1 ఉండాలె అని వెబ్ ప్రమాణం. బ్రౌజర్ల ఎఫ్12 కొట్టి ఆ రంగు గడి మీద నొక్కితె నీది ఎంతున్నదో చూపిస్తది. ఎండల చదివే పేజీ కాబట్టి 7 దాటించు. అర్థాలకు దాదాపు నలుపు పెట్టి, మాటకు ముదురు ఎరుపో, ముదురు పచ్చనో పెట్టు. తేడా రంగుల ఉంటది, పలుచనల ఉండది.

పాలమూరు_పోరడు
మార్చినంక ఫోన్ల పాత రంగే కనపడితె పరేషాన్ గాకు. బ్రౌజర్ పాత సీఎస్‌ఎస్ దాచుకొని ఉంటది. లింకుల సీఎస్‌ఎస్ పేరు చివర ప్రశ్నార్థకం పెట్టి 2 అని రాయి, కొత్త ఫైలు అనుకొని మల్ల దింపుకుంటది. ఆ ఒక్కసారికి మాత్రం పేజీలన్నీ మల్ల కన్వర్ట్ కొట్టాలె.

మోటబాయి_బిడ్డ
కొట్టిన. 140 పేజీలు, 41 సెకన్లు. ఏదీ పోలే.

నాయిన మల్ల ఫోన్ చేసిండు. మోట తొండంకు కట్టే తాడుకు మా అమ్మమ్మోళ్ల ఊర్ల వేరే పేరు ఉన్నదట, అది నోటుబుక్కుల రాయనే లేదట. సాయంత్రం పోయి రాసుకొస్త.